ఆఖరి అయిదు నిమిషాల రేవల్చిన్ని

మా ఆసుపత్రిలో చ్యోంగ్ అక్క చేత తిట్లు తినని మనిషి లేడు. పెద్ద డాక్టర్ల నుంచి లిఫ్టు దగ్గర కూర్చునే ముసలాయన దాకా అందరికీ తలా ఒక పేరు పెట్టింది. నాకు పెట్టిన పేరు కొరివి. ఐసీయూలో నర్సుగా చేరిన కొత్తలో నా నోరు కాస్త చురుగ్గా ఉండేదిలెండి. అయినా ఆమె నోటి ముందు నాది ఆరిపోయిన అగ్గిపుల్ల.

ఆమె ఉండేది కషాయాల గదిలో. నైజియాంగ్ ఊళ్ళోని మా ఆసుపత్రికి నేల కింద ఒక అంతస్తు ఉంది. అందులో బట్టలుతికే గది దాటి, మలుపు తిరగగానే ముక్కుకు తెలిసిపోతుంది. చెరకు తోటల మధ్య పుట్టిన పిల్ల ఇరవై రెండో ఏట తువో నది దాటి వచ్చి, మూడు నెలలకని చెప్పిన ఉద్యోగంలో చేరి, ముప్పై రెండేళ్ళు ఆ గదిలోనే ఉండిపోయింది. మధ్యలో ఒకసారి రిటైరు చేసి, పూలగుత్తి ఇచ్చి పంపించారు. ఆమె చోట ఇద్దరిని పెట్టారు. మూడు వారాలు తిరక్కుండా ఇంటికి మనిషిని పంపి మళ్ళీ పిలిపించుకున్నారు. "పూలగుత్తి వెనక్కి ఇవ్వను, వాడిపోయింది" అని చెప్పి మరీ వచ్చింది.

ఇప్పుడు మామూలు రోగుల కషాయాలన్నీ మిషన్లే కాచి, సంచుల్లో పోసి, మూతి అంటించి పైకి పంపుతాయి. ఐసీయూ వాళ్ళవి మాత్రం ఆమే మట్టి కుండల్లో కాచేది. ముక్కులో వేసిన గొట్టం గుండా పోయాల్సిన మందు కొంచెంగా, చిక్కగా ఉండాలి. ఆ కొంచెం అనే మాట మిషన్లకు ఎక్కదు.

దాచడం ఎందుకు, మొదట్లో ఆ నల్ల నీళ్ళంటే నాకు ఒళ్ళు మండేది. సెప్సిస్ వచ్చి, రక్తంలో విషం పాకి, వెంటిలేటర్ మీద ఉన్న మనిషికి మేం నిమిషం నిమిషం లెక్క చూసుకుంటూ ఇంజెక్షన్లు, సెలైన్లు ఎక్కిస్తూ ఉంటాం. వాటికి తోడుగా రోజుకి రెండుసార్లు ఈ కషాయం. అది పోసినప్పుడల్లా అడుగున మడ్డి పట్టి గొట్టం పూడుకుపోయేది. పూడిన గొట్టం తీసి కొత్తది వెయ్యాలంటే రోగికి నరకం, మాకు అరగంట పని. ఒకరోజు ఒకే పూట రెండు గొట్టాలు పూడాయి. నాకు తిక్క రేగింది. పూడిన గొట్టం ఒకటి చేత్తో పట్టుకుని మెట్లు దిగి ఆ గదిలోకి వెళ్ళి, ఆమె ముఖం ముందు ఆడించాను.

"ఇదిగో, నీ వంట. కావాలంటే నువ్వే వేసుకో ముక్కులో" అన్నాను.

ఆమె నన్ను కిందా మీదా చూసింది. గొట్టాన్ని తీసుకుని కిటికీ వెలుగులో పెట్టి, ఒక కన్ను మూసి చూసింది. "అయితే నాలుగు పొరల గుడ్డ చాలట్లేదన్నమాట" అని తనలో తను అనుకుంది. తర్వాత పొయ్యి అడుగు నుంచి కాల్చిన చిలగడదుంప ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. "తిను. ఖాళీ కడుపుతో తిడితే తిట్లలో బలం ఉండదు."

మర్నాటి నుంచి ఎనిమిది పొరల గుడ్డలో వడకట్టి, గంటసేపు కదపకుండా ఉంచి, పైతేట మాత్రమే సీసాలో పోసి పంపడం మొదలుపెట్టింది. సీసాతో పాటు కబురు కూడా వచ్చింది: ఇవాళ పూడుకుంటే ఆ కొరివిని నన్ను పిలవమనండి, నేనొచ్చి ఊదుతాను. పూడుకోలేదు. ఆ మధ్యాహ్నం నేనే దిగి వెళ్ళి, సిగ్గు లేకుండా ఇంకో దుంప అడిగి తిన్నాను. అప్పటి నుంచి మా ఇద్దరికీ జత కుదిరింది.

ఆమె భర్త సిటీ బస్సు నడుపుతాడు. ఎంత మంచివాడంటే, ఎంత తిట్టినా తల ఊపి టీ కాచుకొస్తాడు. "ఆయనతో కాపురం చెయ్యొచ్చు గానీ పోట్లాట పెట్టుకోలేం. గోడకేసి బంతి కొడితే అదైనా వెనక్కి వస్తుంది" అనేది. పోట్లాట సరదా తీర్చుకోవడానికి ఆమెకు లేయ్ దొరికాడు.

లేయ్‌ది ఆసుపత్రి వెనక గేటు ఎదురుగా నూడుల్స్ కొట్టు. కషాయాల గదికి ఉన్న ఒకే ఒక్క కిటికీ వీధి మట్టానికి తెరుచుకుంటుంది. దానికి సరిగ్గా ఎదురుగా అతని పొయ్యి. ఇక్కడి మందుల వాసన అతని కొట్లోకి, అతని మిరపకాయల ఘాటు ఇక్కడి గదిలోకి. ఇరవై రెండేళ్ళుగా ఇద్దరిదీ ఇదే తగువు.

"ఒసే చ్యోంగూ, కిటికీ ముయ్యి. తినడానికొచ్చినవాళ్ళు తమకేదో రోగం ఉందనుకుని లేచి పోతున్నారు" అని అతను కేకేసేవాడు.

"పోవడం నా మందు వాసనకు కాదు, నీ పులుసు రుచికి. నీ గొడ్డుమాంసం నమిలి నమిలి దవడలు పోయినవాళ్ళంతా మా ఆసుపత్రికే వస్తున్నారు. ఆ లెక్కన మాకు నువ్వు కావలసినవాడివేలే" అని ఈమె కిటికీలోంచి.

ఇంత తిట్టుకుని, పన్నెండు కొట్టగానే వెళ్ళి అతని కొట్లోనే కూర్చునేది. నాలుక తిమ్మిరెక్కేలా మిరియం దట్టించిన గిన్నెడు నూడుల్స్ చుక్క మిగల్చకుండా తాగి, బాగాలేదని చెప్పి వచ్చేది. లేయ్ భార్య మెత్తని మనిషి. మేమంతా వదిన అంటాం. "వీళ్ళిద్దరికీ ఈ గంట లేకపోతే అన్నం అరగదు" అని నవ్వుతూ గిన్నెలు కడుక్కునేది.

ఆ అక్టోబరులో లేయ్ పడిపోయాడు. పిత్తనాళంలో రాయి అడ్డం పడి చీము పట్టింది. ఈ పెద్దమనిషి అది తిన్నది అరక్క వచ్చిన నొప్పి అనుకుని మూడు రోజులు వేడి టీ తాగుతూ నూడుల్స్ అమ్మాడు. నాలుగోరోజు పొద్దున వణుకుతూ కొట్లోనే కూలిపోయాడు. మా దగ్గరికి తెచ్చేసరికి రక్తపోటు అందట్లేదు. వెంటనే కోసి, చీము తీసి, వెంటిలేటర్ మీద పెట్టాం. సెప్సిస్. నేను అతని చేతికి పట్టీ కట్టి పేరు రాస్తుంటే, ఆ గట్టి గొంతు మనిషి నోట్లో గొట్టంతో అలా పడి ఉండటం చూడలేక తల తిప్పుకున్నాను.

మూడు రోజులకు రక్తపోటు నిలబడింది. కానీ కడుపు ఆగిపోయింది. లోపలి పేగులు కదలడం మానేసి, పొట్ట ఉబ్బి బిర్రబిగిసింది. పేగులు కదలకపోతే లోపలి మురికి అక్కడే నిలిచి మళ్ళీ రక్తంలోకి చేరుతుంది. అందుకే మా ఊళ్ళో పొట్ట కోసిన మనిషిని చూడ్డానికి వచ్చినవాళ్ళు ఎలా ఉందని అడగరు. గాలి పోయిందా అని అడుగుతారు. పోయిందంటే పళ్ళు చేతిలో పెట్టి నవ్వుతూ వెళ్తారు. లేదంటే గొంతు తగ్గించి మాట్లాడతారు.

లేయ్ విషయంలో వారం రోజులుగా అందరూ గొంతు తగ్గించే మాట్లాడుతున్నారు. మా ఐసీయూ పెద్ద షెన్ డాక్టరు గారు కషాయాల గ్వాన్ డాక్టరమ్మను పిలిపించారు. ఆమెకు అరవై దాటాయి. వేళ్ళు మణికట్టు మీద ఆనించి చాలాసేపు కూర్చుంది. నోట్లో గొట్టం పక్కనుంచి నాలుక చూసింది. చీటీ రాసింది. నాలుగైదు దినుసులు, వాటిలో ముఖ్యమైనది రేవల్చిన్ని. పేగుల్ని తట్టి లేపే వేరు అది. దాని పక్కన ఎర్ర సిరాతో గీత గీసి 'ఆఖర్న' అని రాసింది. మిగతావన్నీ నలభై నిమిషాలు మరిగాక, దింపబోయే ముందు అయిదు నిమిషాలు మాత్రమే ఆ వేరు వెయ్యాలని అర్థం. అది చీటీలో రాయనవసరం కూడా లేదు. చ్యోంగ్ అక్క నిద్రలో కూడా అలాగే చేస్తుంది.

రెండు రోజులు, నాలుగు సీసాలు. నేను ప్రతి పూటా లేయ్ పొట్టకు టేపు చుట్టి కొలిచాను. మొదటిరోజు నూటొక్క సెంటీమీటర్లు. రెండోరోజు నూటొకటిన్నర. స్టెతస్కోపు ఆనించి ఊపిరి బిగబట్టి వింటే లోపల ఏమీ లేదు, మూసిన కొట్టులా ఉంది. సీసా తీసుకోవడానికి కిందికి వెళ్ళినప్పుడల్లా చ్యోంగ్ అక్క అడిగేది.

"పోయిందా?"

"లేదు."

అంతే. సీసా ఇచ్చి అటు తిరిగేది. ఆ రెండు రోజుల్లో ఆమె నన్ను ఒక్కసారి కూడా కొరివి అనలేదు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు. నాకూ బుర్ర పనిచెయ్యట్లేదు.

మూడోరోజు పొద్దున రౌండ్స్‌లో షెన్ డాక్టరు గారు టేపు తీసుకుని స్వయంగా కొలిచారు. ఆయన అంకెలు తప్ప దేనికీ తల ఒగ్గని మనిషి. "రేపు పొద్దున్నకి తగ్గకపోతే మళ్ళీ పొట్ట తెరవాలి. రెండో కోత ఈయన తట్టుకుంటాడని నేను రాసివ్వలేను" అన్నారు. ఆ మాట వదినకు చెప్పే పని కూడా ఆయనే చేశారు. ఆమె బయట బెంచీ మీద, మూత తీయని థర్మోస్ ఒళ్ళో పెట్టుకుని, తల ఊపుతూ వింది.

గ్వాన్ డాక్టరమ్మకు అర్థం కాలేదు. "ఈపాటికి కదలాలే. ఎందుకు కదలట్లేదు?" అని రెండుసార్లు అంది. చివరికి కొత్త చీటీ రాసింది. రేవల్చిన్ని రెట్టింపు. ఆ చీటీ పట్టుకుని నేను కిందికి పరిగెత్తాను. అప్పుడు పదకొండున్నర.

చ్యోంగ్ అక్క వీపు నావైపు ఉంది. పొయ్యి మీద లేయ్ పేరు కట్టిన కుండ. అప్పుడే పెట్టినట్టుంది, నీళ్ళు ఇంకా సలసల అనడం కూడా మొదలుకాలేదు. పక్కన పీట మీద కాగితం పొట్లాలు. పెద్ద పొట్లం విప్పి ఉంది. దాని పక్కన, ఎర్ర గీత ఉన్న చిన్న పొట్లం కూడా విప్పి ఉంది. ఖాళీగా.

నేను వైద్యం చదవలేదు గానీ, ఆ చిన్న పొట్లం ఆఖరి దాకా మడత విప్పకూడదని నాకు తెలుసు. మూడేళ్ళుగా చూస్తున్నాను. చిన్న పొట్లాన్ని ఆమె జేబులో పెట్టుకుంటుంది. పొరపాటున కూడా ముందు పడకూడదని.

"అక్కా, రేవల్చిన్ని ఏది?"

ఆమె తిరగలేదు. "కుండలో."

"ఇప్పుడేనా?"

"మొన్నటి నుంచీ ఇప్పుడే." మూత కొంచెం జరిపి, మళ్ళీ మూసింది. "ఎక్కువసేపు మరిగితే దాని కోపం తగ్గుతుంది. మనిషి మీద పడకుండా నెమ్మదిగా పోతుంది. ఆ మనిషిని చూశావుగా. రెండు వారాల క్రితం నూడుల్స్ పిండి బస్తా ఒంటిచేత్తో ఎత్తేవాడు. ఇప్పుడు చెయ్యి కూడా లేవట్లేదంట. అలాంటివాడికి ఇంత బలమైన మందు పోస్తే ప్రాణం కూడా దాంతో పాటే పోతుందేమోనని..."

 నాకు ఒళ్ళంతా మండింది. "నువ్వు డాక్టరువా? నీకెవరు చెప్పారు తగ్గించమని? అక్కడ నాలుగు పూటలుగా ఏదో మందు పోస్తున్నామనుకుని అందరం చెవులు పెట్టి కూర్చున్నాం. రేపు ఆయన్ని మళ్ళీ కోస్తారంట, తెలుసా నీకు? తట్టుకుంటాడని రాసివ్వనన్నాడు షెన్ డాక్టరు."

ఇంకా ఏమేం అన్నానో గుర్తులేదు. అన్నీ అన్నాను. ముప్పై రెండేళ్ళ అనుభవం ఉన్న మనిషిని, తల్లి వయసు మనిషిని. ఆమె తిరిగి ఒక్క మాట అంటే బాగుండుననిపించింది. మందుల బస్తా మీద కూర్చుండిపోయింది. కాసేపటికి లేచి, పొయ్యి ఆపింది. కుండ ఎత్తి మొత్తం తొట్లో పారబోసింది. చేతులు కడుక్కుని, జుట్టు మీది గుడ్డ తీసి మళ్ళీ కట్టుకుంది.

"పద" అంది.

"ఎక్కడికి?"

"చెప్పడానికి. నువ్వు చెప్పకు. నేనే చెప్తాను."

లిఫ్టు కోసం ఆగలేదు. అయిదు అంతస్తులు మెట్లెక్కింది. మోకాళ్ళ నొప్పులున్న మనిషి. షెన్ డాక్టరు గారు, గ్వాన్ డాక్టరమ్మ ఇద్దరూ నర్సుల బల్ల దగ్గరే ఉన్నారు. ఆమె వెళ్ళి వాళ్ళ ముందు నిలబడి, ఏ ఉపోద్ఘాతమూ లేకుండా చెప్పేసింది. నాలుగు కుండలూ మొదటి నుంచీ మరిగించాను. కావాలనే చేశాను. భయపడి చేశాను.

షెన్ డాక్టరు గారు కళ్ళజోడు తీశారు. ఆయన నోరు తెరిచేలోపే గ్వాన్ డాక్టరమ్మ తెరిచింది. అరవలేదు. అరిస్తే బాగుండేది.

"ఇవాళ రెట్టింపు రాశాను, చ్యోంగ్. ముందు రాసిన మోతాదు పనిచెయ్యట్లేదనుకుని రాశాను. నువ్వు ఈ మాట చెప్పకుండా, చీటీ చూసి ఇవాళ్టి నుంచి సరిగ్గా కాచి ఉంటే ఏమయ్యేదో ఆలోచించావా? నువ్వు భయపడ్డదే జరిగేది. నా చేత్తో జరిగేది."

 గ్వాన్ డాక్టరమ్మ నా చేతిలోని చీటీ తీసుకుని చింపేసింది. "పాత మోతాదే. పోయి సరిగ్గా కాచు" అంది.

"ఆమె చేతే కాయిస్తారా?" అని అడిగారు షెన్ డాక్టరు గారు.

"ఇప్పుడు ఈ ఊళ్ళో ఆమెకంటే జాగ్రత్తగా కాచే మనిషి ఎవరూ ఉండరు" అంది డాక్టరమ్మ.

నన్ను కూడా వెంట పంపారు, చూడమని. నలభై నిమిషాలు ఇద్దరం ఆ కుండనే చూస్తూ కూర్చున్నాం. కొత్తగా కట్టిన చిన్న పొట్లం ఆమె జేబులోనే ఉంది. వేళయ్యాక తీసి విప్పి, మూత ఎత్తి, కుండలో వేసింది. తన గడియారం విప్పి నా చేతిలో పెట్టింది. "నువ్వు చూడు. నా చెయ్యి ఆగట్లేదు, ముల్లు కనపడట్లేదు" అంది. అయిదు నిమిషాలు ఇంత పొడుగుంటాయని నాకు ఆ రోజే తెలిసింది. నేను చెప్పగానే దింపింది. ఆ రోజు గంటసేపు తేర్చడానికి వ్యవధి లేదు కాబట్టి పదహారు పొరలు పెట్టి రెండుసార్లు వడకట్టింది.

ఒంటిగంటకు లేయ్ ముక్కు గొట్టంలో పోశాను. రెండింటికి విన్నాను, ఏమీ లేదు. మూడింటికి ఏమీ లేదు. నాలుగు దాటాక విన్నప్పుడు ఎక్కడో లోపల, చాలా దూరంలో, నీళ్ళు బుడబుడమన్నట్టు అనిపించింది. నా చెవుల భ్రమేమోనని పక్క నర్సుని పిలిచాను. ఆమె విని, నా ముఖం చూసి, మళ్ళీ వింది.  దిష్టి తగులుతుందన్నట్టు ఇద్దరం నోరు మూసుకున్నాం.

అయిదుంపావుకి లేయ్ గాలి వదిలాడు.

చిన్నది కాదు. వెంటిలేటర్ చప్పుడు, మానిటర్ల కూతలు అన్నీ దాటి, గది ఆ చివర మందు లెక్కలు రాసుకుంటున్న షెన్ డాక్టరు గారు తల ఎత్తేంతది.  తర్వాత ఇంకోటి. అరగంటకల్లా అసలు పని కూడా అయింది, పక్కబట్టలన్నీ పాడయ్యాయి. ముగ్గురు నర్సులం పోటీలు పడి శుభ్రం చేశాం. కంపు భరించలేనంతగా ఉంది. మేం నవ్వుతూనే ఉన్నాం. కొత్తగా చేరిన పిల్ల ఒకతె ఏడ్చేసింది కూడా. షెన్ డాక్టరు గారు మాస్కు కిందికి లాగి, గట్టిగా ఒకసారి పీల్చి, "మంచి వాసన" అని, టైము రాయమన్నారు.

నేను తలుపు తీసుకుని వరండాలోకి వెళ్ళాను. వదిన లేచి నిలబడింది, థర్మోస్ చేతిలో అలాగే ఉంది.

"పోయింది వదినా. బాగా పోయింది" అన్నాను.

ఆమె థర్మోస్ బెంచీ మీద పెట్టింది. ఫోను తీసింది. ఎప్పుడూ గొంతెత్తని ఆ మెత్తని మనిషి వరండా అదిరేలా అరిచింది: "అన్నయ్యా, పిత్తాడు. మీ బావ పిత్తాడు. అందరికీ చెప్పు." బెంచీల మీద కూర్చున్న వాళ్ళు, ఎవరెవరి మనుషుల కోసమో వచ్చినవాళ్ళు, చప్పట్లు కొట్టారు. ఒక ముసలావిడ తన సంచిలోంచి నారింజ పండు తీసి వదిన చేతిలో పెట్టింది.

నేను చివరి మెట్టు దిగకముందే చ్యోంగ్ అక్క మెట్ల దగ్గర నిలబడి ఉంది. నా ముఖం చూసి అడగడం మానేసింది. అక్కడే మెట్టు మీద కూలబడి ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. పొద్దున అన్న మాటలకు నాకూ ఏడుపొచ్చింది, ఇద్దరం కలిసి ఏడ్చాం. తర్వాత ముక్కు చీదుకుని, "ఎంత గట్టిగా?" అని అడిగింది.

"షెన్ డాక్టరు కలం జారేంత."

"వాడి నోటి కంటే తక్కువేలే" అంది.

మర్నాడు పొద్దున టేపు తొంభైనాలుగు చూపించింది. రెండో కోత అక్కర్లేకపోయింది. ఇంతకీ ఏది పనిచేసింది అంటారా? గాలి పోవడానికి ముందురోజే రక్తపరీక్షలో ఏ సూక్ష్మజీవో తేలి, షెన్ డాక్టరు గారు ఇంజెక్షన్ మార్చారు. అందుకని ఆయన సగం తనదంటారు. గ్వాన్ డాక్టరమ్మ సగం కంటే కొంచెం ఎక్కువే తనదంటుంది. వాళ్ళిద్దరూ ఈ విషయం మీద క్యాంటీన్‌లో ఇప్పటికీ వాదించుకుంటారు. నాకు మాత్రం తీర్పు చెప్పాలని లేదు. మనిషి లేచాడు, అదే పదివేలు.

వారానికి గొట్టాలన్నీ తీసేశారు. లేయ్ బొంగురు గొంతుతో మొట్టమొదట అడిగింది నూడుల్స్. మేం గంజి నీళ్ళు ఇచ్చాం. దాన్ని చూసి కళ్ళు మూసుకున్నాడు. చ్యోంగ్ అక్క చూడ్డానికి వచ్చింది. పాదాల దగ్గర నిలబడింది.

"నీ కషాయంలో కారం తక్కువైందేమే. అందుకే ఇన్నాళ్ళు పట్టింది నేను లేవడానికి" అన్నాడు లేయ్. ఊరికే అన్నాడు, అతనికేమీ తెలియదు. వదినకు మాత్రం చ్యోంగ్ అక్క ముందే చెప్పేసింది. వదిన "నాకు చెప్పావు, చాలు. ఆయనకు నువ్వే చెప్పుకో, మధ్యలో నేను రాను" అందట. ఇప్పుడు చ్యోంగ్ అక్క ఆ మాట ఎత్తలేదు.  గంజి గిన్నె సర్ది, "చల్లారిపోతుంది, తాగు" అని చెప్పి వెళ్ళిపోయింది.

తప్పు చేసినవాళ్ళు ఆత్మవిమర్శ రాసి, నెలవారీ సమావేశంలో అందరి ముందూ చదవాలి. బడి నుంచీ రాస్తూనే ఉంటాం కాబట్టి అందరికీ వాటి ధోరణి కంఠతా వచ్చు. చ్యోంగ్ అక్క మొదటిది 'అజాగ్రత్త వల్ల' అని రాసింది. మందుల విభాగం పెద్ద తిరగ్గొట్టాడు. ముప్పై రెండేళ్ళలో నీకు అజాగ్రత్త ఎప్పుడుంది, నిజం రాయి అన్నాడు. రెండోది 'రోగి మీద జాలి వల్ల' అని రాసింది. జాలి అందరి మీదా ఉండాలి కదా, మిగతా ఐసీయూ కుండలు సరిగ్గానే కాచావేం అని అదీ తిరగ్గొట్టాడు. మూడోది రాయడానికి నన్ను పిలవలేదు. ఒక్కతే రాసుకుంది.

సమావేశం రోజు హాలు నిండింది. పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకుంటూ, టీ మగ్గులు పట్టుకుని అందరూ వచ్చారు. చ్యోంగ్ అక్క ఆత్మవిమర్శ చదవడం అంటే ఎవరు మానుకుంటారు. వెనక తలుపు దగ్గర చక్రాల కుర్చీలో లేయ్, వెనక వదిన. ఇక్కడికి తీసుకురమ్మని వదినే నన్ను అడిగింది. ఎందుకో లేయ్‌కి చెప్పలేదు.

ఆమె కాగితం మడత విప్పింది. వినబడీ వినబడనట్టు మొదలుపెట్టి, తప్పేమిటో ఉన్నదున్నట్టు చదివింది. నాలుగు కుండలు, మొదటి నుంచీ మరిగించడం, రెట్టింపు చీటీ, దాంతో జరగబోయిన ప్రమాదం. గింజల చప్పుడు ఆగిపోయింది. నేను వెనక్కి తిరిగి లేయ్‌ని చూశాను. రెండు చేతులతో కుర్చీ పట్టుకుని ఉన్నాడు.

"కారణం" అని చదివి, ఆమె ఆగింది. తర్వాత కాగితం చూడకుండానే చెప్పింది. "ముప్పై రెండేళ్ళలో కొన్ని వేల మందికి కాచాను. వాళ్ళెవరో నాకు తెలీదు. కుండ మీద పేరు ఒక్కటే తెలుసు. అందుకే నా చెయ్యి ఎప్పుడూ వణకలేదు. ఈ కుండ మీది పేరు నాకు తెలుసు. ఆ మనిషి పోతాడేమోనని భయమేసింది. ఇరవై రెండేళ్ళుగా నేనొక మాటంటే తిరిగి మాటనే మనిషి ఆయనొక్కడే. ఆయన పోతే ఆ కిటికీ తీసి ఎవర్ని తిట్టాలి నేను? భయపడిన చేత్తో మందు కాయకూడదని నాకు తెలుసు. కాచాను. అదే నా తప్పు."

హాల్లో ఎవరూ నవ్వలేదు. మందుల విభాగం పెద్ద కాగితం తీసుకుని, ముద్ర వెయ్యకుండా అలాగే పట్టుకున్నాడు. అందరి తలలూ వెనక్కి తిరిగాయి. లేయ్ ఏదో ఒకటి అంటాడని, ఈమెను కడిగేస్తాడని, కనీసం కిటికీ గురించైనా ఒక మాట విసురుతాడని ఎదురుచూశాం. అతను చొక్కా చేతితో ముఖం తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు.

వదిన వంగి, "ఏమైనా అనండి" అంది చెవిలో.

"రేపంటాలే" అన్నాడు లేయ్. "ఇవాళ్టికి దాన్ని గెలవనీ."